ఒక్క అడుగు పక్కకి

సోమవారం పొద్దున్నే చట్రమయ్యకి ఆ సంగతి తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. జిరాక్స్ మిషన్‌లోంచి వచ్చిన కాగితం చెప్పింది.

శుక్రవారం మీటింగుకి రిపోర్టు పన్నెండు కాపీలు కావాలన్నారు. కాపీలు తీసే అతను సెలవులో ఉన్నాడు. ఆ పచ్చిక పరిశోధన కేంద్రంలో ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ పని చివరికి చట్రమయ్య దగ్గరికే వచ్చి చేరుతుంది. ఆఖరి పేజీ మిషన్‌లో ఇరుక్కుంది. మెల్లగా లాగి, నలిగిన కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేస్తూ చదివాడు.

కంచె బయట గడ్డి, కంచె లోపలి గడ్డిలో ఐదో వంతు మాత్రమే ఉంది. పద్నాలుగేళ్ళుగా ఇదే పరిస్థితి. మందలు ఇలాగే మేస్తే గుట్ట మళ్ళీ కోలుకోదు. ఐదేళ్ళపాటు గుట్టను మేతకు పూర్తిగా మూసివేయాలి.

మిషన్ కుయ్‌మంది. అతను రెండోసారి చదివాడు.

ఆ పద్నాలుగేళ్ళ కొలతలూ అతనివే. ఏడాదికి రెండుసార్లు, గుట్ట మీద గుర్తు రాళ్ళ దగ్గర నిలబడి, ఆఫీసు ఇచ్చిన జాబితాలో ఎన్ని అడుగులుంటే అన్ని అడుగులు నడిచి, ఆగిన చోట ఇనప చట్రం పడేయాలి. చట్రం నాలుగు పక్కలా మీటరు. దాని లోపల ఉన్న గడ్డిని రెండు వేళ్ళ ఎత్తు వదిలి కొడవలితో కోయాలి. కాగితం సంచిలో వేసి, పెన్సిలుతో నంబరు రాసి, నలభై ఎనిమిది గంటలు ఓవెన్‌లో ఎండబెట్టి తూకం వేయాలి. జీవాలు అడుగుపెట్టని కంచె లోపల నలభై చోట్ల, మందలు తిరిగే బయట నలభై చోట్ల. భుజాన ఆ చట్రం తగిలించుకుని తిరిగి తిరిగి అతని పేరే చట్రమయ్య అయిపోయింది. ఆ పేరు పెట్టింది మందల వాళ్ళు. ఇప్పుడు ఆఫీసులో కూడా అసలు పేరు కావాలంటే రిజిస్టరు తిరగేయాల్సిందే.

ఈ పరిశోధన మొదలుపెట్టిన పెద్దసారు రెండేళ్ళ కింద చనిపోయారు. ఆయన మిగిల్చిన లెక్కల్ని కొత్తగా వచ్చిన మేడమ్ ఒక కొలిక్కి తెచ్చి రిపోర్టు రాసింది. అట్ట మీద పెద్దసారు పేరే ముందుంది.

చట్రమయ్య పన్నెండు కాపీలూ అంచులు కలిపి పేర్చాడు. పిన్నులు కొట్టాడు. ఆ గుట్ట మీద మేసే ఏడు మందల్లో ఒకటి అతని బావది.

*

ఆఫీసు మాట బయట అనకూడదన్నది నియమం. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో చట్రమయ్య దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. అక్క ఎన్నోసార్లు ఎగతాళి చేసింది, తమ్ముడి కడుపులో మాట బావిలో పడ్డ బిందె లాంటిదని, తీయాలంటే గాలం వేయాలని.

ఆ సాయంత్రం అతను వెళ్ళేసరికి బావ దొడ్లో డెక్కలు చెక్కుతున్నాడు. గొర్రెని కూలేసి, దాని వీపు తన మోకాళ్ళకి ఆనించి, ముందరికాలు ఎడమచేత్తో పట్టుకుని, చిన్న వంకీ కత్తితో పెరిగిన అంచుని గోరు తీసినట్టు తీస్తున్నాడు. గొర్రె దిక్కులు చూస్తోంది గానీ పెనుగులాడటం లేదు. బావ చేతిలో ఏ జీవమూ పెనుగులాడదు.

అక్క టీ గ్లాసు తెచ్చి ఇస్తూ మొదలుపెట్టింది. గడ్డి కోసి సంచిలో వేసి తూకం వేసే ఉద్యోగం తమ్ముడికే దొరికిందట. వాళ్ళ గొర్రెలు నూటపదీ అదే పని జీతం లేకుండా చేస్తున్నాయట. పైగా వాటికి రిటైర్‌మెంటు కూడా లేదట. బావ నవ్వాడు. చట్రమయ్య నవ్వలేదు. అక్క అతని మొహం చూసి ఊరుకుంది.

"గుట్ట మూసేస్తున్నారు బావా," అన్నాడు. "శుక్రవారం మీటింగు. ఆ మాట బయటపడ్డాక అందరూ ఒక్కసారే సంతకి తోలతారు. అడిగేవాడుండడు. నువ్వు ముందే అమ్మేసుకో."

కత్తి ఆగింది. బావ డెక్కని బొటనవేలితో ఒకసారి రుద్ది చూశాడు. చెక్కడం మళ్ళీ మొదలుపెట్టాడు.

"గడ్డి ఎంతుందంటున్నారు?"

"లోపలి దాంట్లో ఐదో వంతు."

"కొలిచింది నువ్వేనా?"

"నేనే."

"అయితే సరే," అన్నాడు బావ.

నాలుగో కాలు కూడా పూర్తిచేసి గొర్రెని లేపి నిలబెట్టాడు. అది రెండడుగులు వేసి, కొత్త చెప్పులు తొడుక్కున్న మనిషిలా ఆగి, మందలో కలిసిపోయింది. అమ్మబోయే జీవానికి డెక్కలెందుకని అక్క నెమ్మదిగా అంది. బావ అప్పటికే రెండోదాని కాలు పట్టుకున్నాడు. కొనుక్కునేవాడు కుంటిదాన్ని ఎందుకు తోలుకెళ్ళాలి అన్నాడు.

ఇంటికి నడుస్తూ చట్రమయ్య తనకి తాను చెప్పుకున్నాడు, మంచిపనే చేశానని. అయినవాళ్ళకి ఆ మాత్రం ఆసరా కాకపోతే ఆఫీసులో ఉండి ఏం లాభం.

*

బుధవారం మేడమ్ గుట్టకి వెళ్దామంది. మీటింగులో ఎవరైనా ప్రశ్న వేస్తే తను కళ్ళారా చూశానని చెప్పాలి కాబట్టి, బయట పది చోట్ల చట్రం వేసి సరిచూసుకుంటానంది. అప్పటిదాకా ఆవిడకి ఆ గుట్ట కంప్యూటర్‌లో అంకెలుగానే తెలుసు. పొద్దున ఏడింటికి బయల్దేరారు. జీపు డ్రైవరు గుట్ట కింద నీడ చూసుకుని సీటు వెనక్కి వాల్చాడు. గడ్డి ఎక్కువ దొరికితే తనకీ ఇంత తెమ్మన్నాడు, ఈ జీపు డీజిల్ కన్నా దాంతోనే బాగా నడుస్తుందని.

మొదటి మూడు చోట్లా మామూలుగానే అయింది. చట్రమయ్య అడుగులు లెక్కపెట్టడం, చట్రం వేయడం, కూర్చుని కోయడం, మేడమ్ సంచి మీద నంబరు వేయడం. పొట్టి పొట్టి గడ్డి. పిడికెడు కూడా రావడం లేదు. రిపోర్టులో ఉన్నదే నేల మీదా ఉంది.

నాలుగో చోటు గుర్తు రాయికి ఉత్తరంగా ముప్పైరెండడుగులు. ముప్పైరెండో అడుగు ముళ్ళపొద అంచున పడింది. చట్రమయ్య ఆలోచించను కూడా లేదు. పక్కకి ఒక్క అడుగు వేసి, ఖాళీ నేల మీద చట్రం పెట్టి, కొడవలి తీశాడు. నోట్‌బుక్‌లో నంబరు పక్కన ఎప్పటిలాగే చిన్న చుక్క పెట్టుకున్నాడు.

"ఎందుకు జరిగారు?" అంది మేడమ్.

"ముళ్ళు మేడమ్."

"ఎప్పుడూ ఇలాగే జరుగుతారా?"

"ఎప్పుడూ ఇంతే మేడమ్. పెద్దసారే చెప్పారు."

చెబుతుంటే అతని గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. మొదటి ఏడు అరచేతిలో ముల్లు విరిగి చెయ్యి మణికట్టు దాకా వాచిపోతే పెద్దసారే స్వయంగా జీపు నడిపి ఆస్పత్రికి తీసుకెళ్ళారని, కట్టు కట్టించి బయటికి వస్తూ, ఇకమీదట ముళ్ళ మీద పడితే ఒక్క అడుగు పక్కకి జరగవయ్యా, నీ చెయ్యి కన్నా గడ్డి ఎక్కువా అన్నారని చెప్పాడు. ఏ ఆఫీసరు అంటాడు మేడమ్ అలాంటి మాట అన్నాడు.

మేడమ్ పొద దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తల వంచి కిందికి చూసింది. కాసేపటికి, చట్రం ఇక్కడ వేయండి అంది.

అతను జీపులోంచి తాడు తెచ్చాడు. కొమ్మల్ని వెనక్కి లాగి కట్టేసరికి ఇద్దరి మోచేతుల మీదా ఎర్రటి గీతలు పడ్డాయి. పొద తెరుచుకుంది. లోపల మోకాలెత్తు గడ్డి. చివర్లు కంకులు తొడిగి, గింజ బరువుకి వంగి ఉన్నాయి. కొన్ని అప్పటికే గింజ రాల్చాయి. చట్రం అందులో దిగబడి కనపడకుండా పోయింది.

చట్రమయ్య కోశాడు. ఒక సంచి నిండింది. రెండోది అడిగాడు.

పొద కింద గడ్డి ఉంటుందని అతనికి తెలియక కాదు. ఎండాకాలం చివర మేత కరువైనప్పుడు మందల వాళ్ళు దోటి కర్రతో కొమ్మల్ని ఎత్తిపట్టి గొర్రెల్ని పొదల కిందికి వదులుతారు. ఏటా గుట్టకి ఒక్క పక్కనే. మిగతా పక్కల పొదలు ముట్టుకోరు. గింజ రాలాలి, మళ్ళీ మొలవాలి. ఏ పక్క ఎప్పుడన్నది ఎక్కడా రాసుండదు. ఏడుగురికీ నోటికి తెలుసు. చట్రమయ్య చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అది. కానీ అది మేత. తను కొలిచేది గడ్డి. రెండూ ఒకటేనని పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

"కంచె లోపల పొదలున్నాయా?" అని అడిగింది మేడమ్.

"లేవు మేడమ్. కంచె వేసేటప్పుడే కొట్టేశాం. స్తంభాలు పాతడానికి అడ్డమని."

మేడమ్ లేచి నిలబడి గుట్ట వంక చూసింది. అతనూ చూశాడు. కింది నుంచి పైదాకా పొద వెనక పొద, పొద వెనక పొద. పది చోట్లూ అయ్యేసరికి మూడు పొదల్లో పడ్డాయి. మూడింటి కిందా ఇంచుమించు అంతే గడ్డి.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు అద్దంలోంచి సంచులు చూసి, ఇవాళ పంట బాగా పండినట్టుందే అన్నాడు. తనే నవ్వుకుని రేడియో పెట్టుకున్నాడు.

పదకొండు గంటలకి సంచులు ఓవెన్‌లోకి వెళ్ళాయి. మేడమ్ తలుపు మీద టైము రాసి అంటించింది. శుక్రవారం పదకొండు. మీటింగు పన్నెండింటికి.

*

గురువారం మేడమ్ అతని పాత నోట్‌బుక్కులన్నీ తెప్పించింది. ఇరవై ఎనిమిది. చెమట మరకలు, గడ్డి పసరు మరకలు, ఒకదాని అట్ట మీద టీ గ్లాసు గుండ్రం. చుక్కలేమిటని అడిగింది. జరిగిన చోటల్లా పెట్టిన గుర్తు అని చెప్పాడు. పెద్దసారు అడగలేదా అంది. సారు అంకెలు మాత్రం చెప్పమనేవారు మేడమ్, చుక్కలు చెప్పమనలేదు అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ కూర్చుని చుక్కలు లెక్కపెట్టారు. బయట వేసిన చట్రాలు వెయ్యిన్నూట ఇరవై. చుక్కలు మూడు వందల నలభై ఒకటి. పదికి మూడు.

తర్వాత మేడమ్ డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. డైరెక్టరు చెడ్డవాడు కాదు. తలుపు సందులోంచి వినబడ్డంతవరకూ అతను అరవనూ లేదు. ఒక్క రోజు కోసిన మూడు సంచులు పట్టుకుని పద్నాలుగేళ్ళ పనిని ఎలా కాదంటామన్నాడు. పోయిన మనిషి పేరు మీద మచ్చ కదా అన్నాడు. కావాలంటే రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రాసుకోమన్నాడు.

మేడమ్ బయటికొచ్చి చట్రమయ్య బల్ల ఎదుట కుర్చీ లాక్కుంది. ఆవిడ అలా ఎప్పుడూ కూర్చోలేదు.

"నేను చూసింది ఒక్క రోజు," అంది. "పద్నాలుగేళ్ళు చూసింది మీరు. రేపు మీటింగులో మీరు చెబితేనే దానికి విలువ. చెప్పమని నేను అనలేను. మీ మీదికి వస్తుంది."

అతను ఆలోచించుకుంటానన్నాడు. కానీ అప్పటికి అతని ఆలోచన మీటింగు మీద లేదు. బావ మీద ఉంది.

పొద్దు వాలుతుండగా వెళ్ళాడు. దొడ్డి మధ్యలో తడక అడ్డం పెట్టారు. బావ ఒక్కొక్కదాన్నే తడిమి చూస్తూ ఇటు నుంచి అటు పంపుతున్నాడు. వీపు మీద చెయ్యి, డొక్క మీద చెయ్యి, నోరు తెరిచి పళ్ళు, ఆ తర్వాత పిర్ర మీద చిన్న తట్టు. తెల్లారి ఐదింటికి మొత్తం మందకి లారీ వస్తుందని అక్క చెప్పింది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు.

"రెండు రోజులు ఆగు బావా," అన్నాడు చట్రమయ్య.

"ఎందుకు?"

మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ సంచులు ఇంకా ఓవెన్‌లో ఉన్నాయి. ఎండని గడ్డికి అంకె చెప్పకూడదు. పెద్దసారు నేర్పిన మొదటి పాఠం అది. పచ్చిది నీళ్ళతో బరువు తూగుతుంది, మనిషిని నమ్మిస్తుంది, ఎండాక ఏమీ మిగలదు. రేపు తూకంలో తేలిపోతే? చెప్పి, అది తప్పయితే? దాని కింద ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని అతను ఎండలోకి తీయదలచుకోలేదు. నేనే తప్పు కొలిచాను బావా అన్న నాలుగు మాటలు బావ మొహంలోకి చూస్తూ అనాలి.

"ఊరికే," అన్నాడు. "మీటింగులో ఏమంటారో చూద్దామని."

బావ నవ్వాడు. "మొన్న అమ్మేయమన్నావు. ఇవాళ ఆగమంటున్నావు. ఏం బామ్మర్దీ, రెండు రోజుల్లో గడ్డి గానీ మొలిచిందా?"

"లేదు."

"మరింకేం?"

చట్రమయ్య తడక కట్టిన తాడు ముడి వంక చూశాడు.

బావ చేతులు తుడుచుకుని జేబులోంచి ఫోను తీశాడు. వ్యాపారి నంబరు వెతికి, బొటనవేలు దాని మీద ఉంచి, అలాగే నిలబడ్డాడు. "మాటిచ్చేశాను. కారణముంటే చెప్పు. ఇప్పుడే ఫోన్ చేసి వద్దంటాను. నీ మాట మీదే అమ్ముతున్నా, నీ మాట మీదే ఆపుతాను."

దొడ్లో ఏదో గొర్రె దగ్గింది. అక్క బక్కెట్టు కింద పెట్టి తమ్ముడి వంక చూస్తోంది. ఫోను వెలుతురు బావ గడ్డం మీద పడుతోంది. కాసేపటికి ఆ వెలుతురు దానంతటదే ఆరిపోయింది.

"ఏం లేదులే బావా," అన్నాడు చట్రమయ్య. "నీ ఇష్టం."

బావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి గొర్రె నోరు తెరిచి చూశాడు.

*

శుక్రవారం పదకొండు గంటలకి మేడమ్ ఓవెన్ తలుపు తీసింది. వేడి గడ్డి వాసన గది నిండా పరుచుకుంది. చట్రమయ్య సంచుల్ని ఒక్కొక్కటే తూకం మీద పెట్టాడు. అతని చేతులు పద్నాలుగేళ్ళుగా చేసిన పనే చేశాయి. పళ్ళేన్ని సున్నాకి తేవడం, సంచి పెట్టడం, అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టడం.

ఖాళీ నేల మీద సగటు ముప్పై ఒక్క గ్రాములు. పొదల కింద నూట ఎనభై ఎనిమిది. కంచె లోపల ఎప్పుడూ వచ్చేది నూట అరవై.

మేడమ్ కాగితం మీద పదికి ఏడు అదీ, పదికి మూడు ఇదీ వేసి కలిపింది. రెండోసారి కూడా కలిపింది. డెబ్భై ఎనిమిది వచ్చింది. ఐదో వంతు కాదు. దాదాపు సగం.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ పదకొండు మంది. మందల వాళ్ళ తరఫున ఒక ముసలాయన కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, ఎవరైనా లేవమంటారేమోనన్నట్టు. తెర మీద గీతలు వచ్చాయి, పోయాయి. లోపల, బయట. ఆకుపచ్చ స్తంభం, దాని పక్కన పొట్టి ఎర్ర స్తంభం. అందరూ తలలూపుతున్నారు. ముసలాయన ఎర్ర స్తంభం వంకే చూస్తున్నాడు.

ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా అని డైరెక్టరు అడిగాడు. అడుగుతూనే ఫైలు మూయబోయాడు.

చట్రమయ్య నీళ్ళ గ్లాసులు అందించడానికి గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఒక్క అడుగు ముందుకి వచ్చాడు.

చెప్పడం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చట్రం, అడుగులు, పొద, జరగడం, చుక్కలు. మేడమ్ లేచి నోట్‌బుక్కులూ, ఆ ఉదయపు తూకాలూ బల్ల మీద పెట్టింది. అందరూ కాగితాలు తిప్పి చూశారు. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కళ్ళజోడు తీసి అడిగాడు.

"అంటే పద్నాలుగేళ్ళు మీరు తప్పు కొలిచారా?"

"తూకం తప్పు కాదండీ. చోటు తప్పు."

"జరగమని మీకెవరు చెప్పారు?"

మేడమ్ అతని వంక చూసింది. డైరెక్టరు కూడా చూశాడు. గోడ మీద ఫొటోలో పెద్దసారు ఉన్నారు, ఏదో మొక్కని చేత్తో పట్టుకుని, ఎండకి కళ్ళు చిట్లించి.

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాడు చట్రమయ్య. "ముళ్ళు గుచ్చుకుంటున్నాయని నేనే జరిగాను."

ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దమనిషి ఏదో రాసుకున్నాడు. మేడమ్ తల దించుకుంది.

రెండింటికి నిర్ణయం చెప్పారు. మూసివేత ఆపేశారు. ఏడాదిపాటు పొదలతో సహా కొత్తగా కొలవాలి. అప్పటిదాకా మందలు ఎప్పటిలాగే మేయొచ్చు. చట్రమయ్య వారం రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. బయట వరండాలో ముసలాయన అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. వాటిని అటూ ఇటూ తిప్పి, ముళ్ళ గీతలు చూసి, మందు రాసుకో చట్రమయ్యా అన్నాడు.

*

బావ దొడ్డి గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది లోపల జీవాలున్నాయో లేవో. చప్పుడుకి కాదు. వెచ్చదనానికి. నూటపది ఊపిర్లు ఒక చోట ఉంటే ఆ గాలి వేరుగా ఉంటుంది.

అక్క ఊడుస్తోంది. ఖాళీ అయిన దొడ్డిని రోజూ ఊడ్చినట్టే, మూల నుంచి మొదలుపెట్టి వరసగా. బావ నీళ్ళ తొట్టిని కడిగి బోర్లించాడు. కిందనుంచి నీళ్ళు సన్నగా పాయ కట్టి పోతున్నాయి.

ఈసారి చట్రమయ్య మొత్తం చెప్పాడు. ఏదీ మింగలేదు. పెద్దసారు మాట, ఒక్క అడుగు, ముళ్ళు, కంకులు, ఓవెన్, డెబ్భై ఎనిమిది. గుట్ట మూయడం లేదని కూడా చెప్పాడు. చెప్పాక ఆ మాటే అన్నిటికన్నా భారంగా తోచింది.

బావ బోర్లించిన తొట్టి మీద కూర్చున్నాడు.

"నిన్న సాయంత్రం నీకు తెలుసా ఇది?"

"తెలుసు బావా. తూకం అవలేదు."

"తూకం అవలేదు," అన్నాడు బావ, ఆ మాటని నోట్లో వేసుకుని చూస్తున్నట్టు. కోపం తెచ్చుకుంటాడేమోనని చట్రమయ్య ఎదురుచూశాడు. వస్తే బాగుండుననుకున్నాడు. బావ కాళ్ళ దగ్గర పడి ఉన్న ఉన్ని పోగు తీసి, వేళ్ళ మధ్య నలిపి, పేని, మళ్ళీ విప్పాడు.

"ఆ పొదల కింద గడ్డి నేను రోజూ చూస్తూనే ఉన్నాను బామ్మర్దీ," అన్నాడు. "నువ్వు లేదన్నావు. సర్లే, వయసు మీద పడింది, నా కళ్ళే నన్ను మోసం చేస్తున్నాయనుకున్నాను."

అక్క చీపురు ఆగింది. మళ్ళీ కదిలింది.

వ్యాపారిని అడిగి వెనక్కి తెద్దామన్నాడు చట్రమయ్య. బావ తల అడ్డంగా ఊపాడు. లారీ పొద్దున్నే వెళ్ళిపోయింది. సంతలో నలుగురికి విడివిడిగా వెళ్ళిపోయి ఉంటాయి ఈపాటికి. అయినా మంద అంటే నూటపది గొర్రెలు కాదు అన్నాడు. ఏది ముందు నడవాలో, ఏది వాగు దగ్గర మొరాయిస్తుందో, ఏ పిల్ల ఏ తల్లిదో, అది మంద. ఇప్పుడు కొనుక్కొస్తే జీవాలొస్తాయి. అవి మంద అయ్యేసరికి తనకి వయసు ఉండదన్నాడు. ఫిర్యాదులా కాదు, వానొచ్చేలా ఉందన్నట్టు చెప్పాడు.

గుట్ట మీద మిగతా ఆరు మందలూ ఆ సాయంత్రం ఎప్పటిలాగే దిగుతున్నాయి. వాళ్ళకెవరికీ ముందుగా తెలియలేదు. తెలిసింది ఆఫీసులో చుట్టం ఉన్నవాడికి ఒక్కడికే.

అక్క రోజూ లాగే టీ ఇచ్చింది. గ్లాసు అరుగు మీద పెట్టింది. తాగమని మాత్రం అనలేదు.

*

సోమవారం కొత్త కొలతలు మొదలయ్యాయి. ఏ పక్క పొదలు ఏ ఏడు మేపారో తెలిసినవాళ్ళు ఎవరైనా వెంట ఉండాలంది మేడమ్. మందల వాళ్ళందరూ జీవాల వెంట వెళ్ళిపోయారు. ఊళ్ళో ఖాళీగా ఉన్నది ఒక్కడే. చట్రమయ్య వెళ్ళి అడగలేకపోయాడు. డ్రైవరుని పంపాడు.

బావ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో ఏమీ లేదు. మేడమ్ అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పాడు, ఈ పక్క నిరుడు, ఆ పక్క అంతకు ముందేడు, ఆ పైది ఇంకా రెండేళ్ళు ముట్టుకోకూడదని. మేడమ్ గబగబా రాసుకుంటోంది. మీరు చెబుతుంటే మా రిపోర్టు కన్నా బాగుందండీ అంది. బావ మర్యాదగా నవ్వాడు.

పైకి వెళ్ళే దారి సన్నగా ఉంటుంది. ముందు బావ, వెనక చట్రమయ్య, ఆ వెనక మేడమ్. శుక్రవారం సాయంత్రం నుంచీ నోట్లో నానుతున్న ఒక మాట చట్రమయ్య అనబోయాడు. బావా అన్నాడు. బావ వినిపించుకోలేదో, వినీ ఊరుకున్నాడో, నడుస్తూనే ఉన్నాడు.

దారి తిరిగే చోట రాతి పలక ఉంది. బావ దాని మీద ఒక కాలు పెట్టి ఆగాడు. వెనక్కి తిరిగాడు. చట్రమయ్య అతన్ని దాటాడు. మేడమ్ కూడా ఆయాసపడుతూ దాటింది. బావ ఇంకా అలాగే నిలబడి కింద దారి వంక చూస్తున్నాడు, వెనకబడ్డ జీవాలు వచ్చేదాకా ఆగినట్టు.

చాలాసేపటికి కాలు దించి, వాళ్ళ వెనక నడిచాడు.